ఎర్ర గొడుగు గోడ

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. ఎత్తు మీదున్న మనిషిని కిందనుంచి పిలవకూడదు. నిచ్చెన మీదున్నా, పరంజా మీదున్నా, ఆఖరికి అటక మీది డబ్బా అందుకోవడానికి స్టూలెక్కినా సరే, కిందివాళ్ళు నోరెత్తకూడదు. ఏదైనా పనుంటే దగ్గరికెళ్ళి నిచ్చెన కాలిని వేళ్ళతో తట్టాలి. పైనున్నవాళ్ళు చేతిలో పని ఆపి, పట్టు చూసుకుని, అప్పుడు కిందికి చూస్తారు. ఏం చెప్పుకోవాలన్నా అప్పుడే.

గోడలకు రంగులు వేసే కుటుంబం కావడంతో ఇంటిల్లిపాదీ సగం పొద్దు ఎత్తు మీదే గడుపుతారు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు ఈ తట్టుడు చూస్తే నవ్వొచ్చేది.

"తలుపు కొట్టినట్టు నిచ్చెనను కొట్టడమేంటి మేస్త్రీ, లోపల ఎవరన్నా ఉన్నారా?" అని ఒకడు వేళాకోళం చేశాడు.

"లోపల నీ కూలి ఉంది. కావాలంటే తట్టు, లేకపోతే మానెయ్" అన్నాడు బాబాయి. ఆ తర్వాత ఆ గుంపులో ఎవరూ నవ్వలేదు.

బాబాయి అంటే కొంగకు బాబాయి. పొడుగు కాళ్ళు, పొడుగు మెడ, కొత్త గోడ ముందు ఒంటికాలి మీద నిలబడి ఆలోచించే అలవాటు ఉన్నందుకు ఆమెను అందరూ కొంగ అనేవారు. ఆమెకూ ఆ పిలుపు బాగానే ఉండేది. నాన్న జ్వరంతో చనిపోయిన ఏడాది కుంచె పట్టుకుంది. ముందు సున్నం కలిపింది, తర్వాత గోడ గుంతలకు లప్పం పెట్టింది, ఆ తర్వాత అక్షరాలూ బొమ్మలూ ఆమె చేతికే వచ్చి చేరాయి. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే "ఈ గోడ ఆరనివ్వండి, చూద్దాం" అనేది. ఆరిన గోడ పక్కన ఇంకో పచ్చిగోడ ఎప్పుడూ ఉండేది. గోడను అరచేత్తో ఒకసారి నిమిరితే చాలు, లోపల చెమ్మ ఉందో లేదో చెప్పేసేది. చెప్పింది తప్పలేదు గనక బాబాయి కూడా ఎదురు చెప్పడం మానేశాడు.

ఇక నాయనమ్మ. ఆవిడ గట్టిగా మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. పక్క గదిలో చంటిబిడ్డ అప్పుడే కన్నంటుకున్నట్టు, లేస్తుందేమోనన్నట్టు మాట్లాడేది. ఆవిడకు గొంతు జబ్బనుకుని ఇరుగుపొరుగువాళ్ళు జాలిపడేవారు. గిన్నె పొంగిపోతున్నా వంటింట్లోంచి కేకవేయకుండా, నడిచొచ్చి కోడలి భుజం తట్టి "పొంగింది" అనేది. అప్పటికి పొంగాల్సినదంతా పొయ్యిలో ఉండేది.

ఒకరోజు పొద్దున్నే కొంగ సొంతింటి గుమ్మానికి రంగు వేస్తోంది. నిచ్చెన మెట్టొకటి పుచ్చిపోయిందని చూసుకోలేదు. మెట్టు విరిగింది, కొంగ కిందికి జారి నడుం మీద కూలబడింది, డబ్బాలోని తెల్లరంగు నెత్తిన పడింది. పెద్ద దెబ్బేం కాదు. తనను చూసి తనే నవ్వుకుంటూ లేవబోయింది. గడప దగ్గర నాయనమ్మ నిలబడి ఉంది. ఆవిడ ముఖం చూశాక కొంగకు నవ్వు ఆగిపోయింది.

"నేను పిలిచానా?" అంది నాయనమ్మ.

"లేదు నాయనమ్మా. నువ్వసలు నోరే తెరవలేదు. మెట్టు పుచ్చింది, అంతే."

"సరిగ్గా గుర్తు తెచ్చుకోవే. పిలవలేదు కదా?"

కొంగ ఎంత చెప్పినా ఆవిడ నమ్మినట్టు కనబడలేదు. తలకంటిన రంగు కిరసనాయిలుతో తుడుస్తున్నంతసేపూ ఆవిడ మళ్ళీ మళ్ళీ అదే అడిగింది.

ఆ మధ్యాహ్నమే కొంగ బాబాయిని పట్టుకుంది. ఆయన రంగు కలుపుతున్నాడు. అలాంటప్పుడు ఆయన ఎక్కడికీ పారిపోలేడు.

"బాబాయ్, నాయనమ్మ ఎవర్ని పిలిచింది?"

బాబాయి కలపడం ఆపలేదు. కర్ర తిప్పుతూనే చెప్పాడు. "మా మేనమామ ఒకాయన ఉండేవాడు. మీ నాయనమ్మకు అన్న. రైలు కట్ట అవతల పాత గోదాం ఉంది చూడు, దాని గోడమీద గొడుగుల కంపెనీ బొమ్మ వేస్తున్నాడు. పంతొమ్మిదేళ్ళు. మీ నాయనమ్మ చిన్నపిల్ల. అన్నకు అన్నం గిన్నె పట్టుకెళ్ళి, కిందనుంచి 'అన్నయ్యా' అని అరిచింది. ఆయన వెనక్కి తిరిగాడు. పడిపోయాడు."

"ఎవరు చూశారు?"

"చూడ్డానికేముంది, వీధి వీధంతా విన్నారు. ముందు పిలుపు, వెంటనే పడ్డ చప్పుడు. వాళ్ళమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి, 'నీ నోరే వాణ్ణి మింగేసింది' అందట ఈవిడతో. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట అనలేదట. ఒకసారి అన్నదే సరిపోయింది. మా నాన్న చెప్పాడు నాకు. నీకు నేను చెప్పానని ఆవిడతో అనకు."

ఆ కట్టుబాటు ఎక్కడ పుట్టిందో అప్పుడు తెలిసింది కొంగకు. కానీ ఆమెకు ఒక సంగతి మింగుడు పడలేదు. పక్క మేస్త్రి గుంపులో రోజంతా కేకలే. పైవాడు కిందివాణ్ణి తిడతాడు, కిందివాడు పైవాడికి పాటలు పాడతాడు. ఆ గుంపులో ఎవరూ పడలేదు. పంతొమ్మిదేళ్ళకే అంత గోడ చేతికిచ్చారంటే ఆయన మంచి పనివాడై ఉండాలి. చెల్లెలు రోజూ అదేవేళకు అన్నం తెచ్చి ఉంటుంది, రోజూ పిలిచే ఉంటుంది. ఆ ఒక్కరోజే ఎందుకు పడ్డాడు?

ఆ గోదాంను ఈమధ్యనే కుర్చీలూ బల్లలూ చేయించి అమ్మే ఒకావిడ కొనుక్కుంది. గోడలన్నీ గీకించి కొత్తగా రంగు వేయించాలని మేస్త్రీలందరికీ కబురు పెట్టింది. బాబాయి రానని చెప్పి పంపేశాడు. కొంగ ఆ సాయంత్రమే వెళ్ళి పని ఒప్పుకుని వచ్చింది.

బాబాయి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఆ గోడ మనకొద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు. నేను కావాలన్నాను. గోదాం ఆవిడ నా మాట విన్నది."

"గీకితే ఏం బయటపడుతుందే? నిజంగా పిలుపువల్లే పడ్డాడని తేలితే ఏం చేస్తావు?"

"నోరు మూసుకుంటాను. మనింట్లో ఆ విద్య రానివాళ్ళెవరు?"

బాబాయికి కోపంలోనూ నవ్వొచ్చింది. నవ్వింది కనబడకుండా చొక్కా భుజానేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అయినా పరంజాకు వెదుళ్ళు మాత్రం తనే దగ్గరుండి కట్టించాడు. ఇంకొకరి కట్టును ఆయన నమ్మడు.

గోడ చాలా మందం రంగు తాగి ఉంది. పైన పసుపు, దాని కింద నీలం, దాని కింద వేళ్ళు దిగేంత సున్నం. కొంగ ముందు గోడను బాగా తడిపి, అది నీళ్ళు పీల్చుకునేదాకా ఆగి, రేకు బిళ్ళను పడుకోబెట్టి గీకడం మొదలుపెట్టింది. నూనెరంగు మీద సున్నం ఎన్నాళ్ళున్నా అంటుకోదు, పట్టుకున్నట్టు నటిస్తుందంతే. కాబట్టి కింద బొమ్మ ఉన్నచోట సున్నం అట్టలు అట్టలుగా ఊడొచ్చింది. మొదట ఒక ఎర్రటి వంపు కనబడింది. రెండోరోజుకు అది గొడుగు అంచయింది. వారం తిరిగేసరికి గోడ నిండా, పరంజా అంతెత్తున, ఎర్ర గొడుగు విచ్చుకుని ఉంది.

కొంగ దాని ముందు ఒంటికాలి మీద చాలాసేపు నిలబడింది.

గొడుగు పుల్లలు ఒక్కొక్కటీ ఒకే ఊపులో గీసినవి. తుడిచి దిద్దిన జాడ లేదు. ప్రతి గీతా కుడివైపు మందంగా మొదలై ఎడమవైపుకు సన్నబడింది. అంటే ఎడమచేతివాటం మనిషి. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. గొడుగు కింద ఒక మూల, అరచేయంత పిట్ట ఉంది. ఒక రెక్క గొడుగు బయటికి చాపి, వాన పడుతోందా లేదా అని చూస్తోంది. కంపెనీవాళ్ళు దాన్ని అడిగి ఉండరు. ఆయనే సరదాకి పెట్టి ఉంటాడు, ఎవరూ చూడరులే అని.

"ఓహో, నువ్వా రకమా" అంది కొంగ గోడతో. చనిపోవడం తప్ప ఇంకేమీ చేయనట్టు తను విన్న మనిషి ఆమెకు ఆ పిట్ట దగ్గర మొదటిసారి బతికి కనిపించాడు.

ఆరోజుదాకా కిందే తచ్చాడిన బాబాయి, నిచ్చెన తట్టి, పైకొచ్చాడు. గొడుగు పుల్లల మీద వేలు పెట్టి చివరిదాకా నడిపించాడు. "చేయి మంచిది" అన్నాడు. ఆయన ఆ మాట బతికున్న మనిషి గురించి అనడం కొంగ ఎప్పుడూ వినలేదు.

బొమ్మంతా ఆనాడే పూర్తయింది. మిగిలింది చుట్టూ ఎర్ర అంచు. మూడు వైపులా వచ్చి, ఎడమవైపు సగం దిగాక ఆగిపోయింది. ఆగినచోట వణుకు లేదు, జారుడు లేదు. గీత తీరుగా ముగిసింది. దాని పక్కన, ఇంకాస్త ఎడమగా, సున్నం ఊడినకొద్దీ వేరే ఎరుపు బయటపడింది. బొమ్మలో భాగం కాదు. దుప్పటి ఆరేసినట్టు కిందికి జారిన పెద్ద మరక. మరక మొదట్లో డబ్బా అంచు గీరిన వంకర గాటు. దానికి కాస్త కింద, గోడలోకి దిగిన ఇంకో గాటు, ఏటవాలుగా.

ఆ రోజుల్లో ఈ పరంజాలు ఎక్కడివి? పైన పిట్టగోడకు రెండు ఇనుప కొక్కేలు తగిలించి, వాటినుంచి రెండు తాళ్ళు వదిలి, ఆ తాళ్ళకు చెక్క పలక కట్టి, దానిమీద నిలబడి వేసేవారు. ఏ చేత్తో రంగు వేస్తే ఆ చేతివైపు తాడుకు డబ్బా కట్టుకునేవారు. కొంగకు ఇవన్నీ నాన్న చెప్పినవే.

ఆమె డాబా మీదికెళ్ళింది. పిట్టగోడంతా పాత ఇటుక. సరిగ్గా ఆ మరకకు పైన మాత్రం మూరెడు మేర ఇటుకలు వేరు, వాటి మధ్య గచ్చు వేరు. ఎవరో తర్వాత పూడ్చారు. పూడ్చి, కింద గోడకు మందంగా సున్నం కొట్టించి ఊరుకున్నారు.

"డబ్బాను తాడుకు కట్టాడు బాబాయ్, పలకకు కాదు" అంది కొంగ కిందికొచ్చి. "ఉలిక్కిపడి ఆయన ఒక్కడూ జారితే, పలకా ఉండాలి, డబ్బా కూడా దాని చోట అది వేలాడుతూ ఉండాలి. ఇక్కడ డబ్బాకు డబ్బా ఒలికింది, పలక చివర గోడను చీల్చింది. ఎడమ కొక్కెం ఊడింది."

"పలక ఊగినా ఒలుకుతుంది."

"ఊపి చూద్దాం పద."

గోదాం వెనక గోడకు పాత పద్ధతిలో పలక కట్టారు. మనిషికి బదులు ఇసుక మూటలు, డబ్బాలో నీళ్ళు. ఊపితే నీళ్ళు అటూ ఇటూ చినుకులుగా చిందాయి. ఎడమ తాడు ఒక్కసారి వదిలేస్తే డబ్బా అంచు గోడకు కొట్టుకుని, నీళ్ళు మొత్తం దుప్పటిలా జారాయి. పలక చివర గోడను ఏటవాలుగా గీరింది. పనివాళ్ళంతా చుట్టూ చేరి చూశారు. ఎవరూ నవ్వలేదు.

బాబాయి తడిమరకను చూస్తూ తల గోక్కున్నాడు. "సరే, కొక్కెమే ఊడింది. కానీ ఎప్పుడు ఊడింది? ఈవిడ పిలిచాక ఆయన విసురుగా తిరిగితే, ఆ బరువుకు ఊడి ఉండొచ్చు కదా? పిలుపు ముందా, ఊడడం ముందా? అది గోడకేం తెలుసు?"

గోడ తనకు తెలిసినంతా చెప్పేసింది. మిగతాది తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు.

మర్నాడు ఆమె పనికి వెళ్ళలేదు. నాయనమ్మ వసారాలో చాప మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. కొంగ ఎదురుగా కూర్చుని తనూ ఒలవడం మొదలుపెట్టింది. బాబాయి ఏదో పనున్నట్టు తలుపు వెనక నిలబడ్డాడు. లావుపాటి మనిషి, సగం బయటికే కనబడుతున్నాడు.

"నాయనమ్మా, గోదాం గోడ నేనే గీకుతున్నాను."

నాయనమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"గొడుగు చూశాను. చాలా బాగా వేశాడు. కింద ఒక పిట్టను పెట్టాడు."

"పెట్టాడు" అంది నాయనమ్మ, చాలా మెల్లగా. "నాకోసం పెట్టాడు. రోజూ అన్నం తెస్తున్నందుకు."

"ఆ రోజు నువ్వు ఎక్కడ నిలబడ్డావు?"

నాయనమ్మ లేచి వెళ్ళిపోతుందనుకుంది కొంగ. వెళ్ళలేదు. బహుశా ఈ ప్రశ్న కోసం ఇన్నేళ్ళూ అక్కడే కూర్చుని ఉందేమో. తిట్టినవాళ్ళున్నారు, ఓదార్చినవాళ్ళున్నారు, అడిగినవాళ్ళు మాత్రం లేరు.

"గోడకు ఆనుకుని. ఎండగా ఉంది. నీడ కోసం గోడకు ఆనుకుని, తలొంచుకుని గిన్నె మూత సర్దుతున్నాను."

"మరి పైకెందుకు చూశావు?"

"వాన పడిందే. నెత్తిమీద చినుకులు పడ్డాయి. 'అన్నయ్యా, వానొస్తోంది, దిగు' అని అరిచాను." ఆవిడ గొంతు ఇంకా సన్నబడింది. "అరవకుండా ఉండాల్సింది."

"ఎండగా ఉందన్నావు కదా."

"మంచి ఎండ."

కొంగ ఒలిచిన గింజలు గిన్నెలో వేసింది. ఎండలో వాన ఎక్కడినుంచి వచ్చిందో ఆవిడే వెతుక్కోవాలి. నాయనమ్మ తన తలను తనే ఒకసారి తడుముకుంది.

"నా జుట్టు కత్తిరించేశారు" అంది. "గట్టిపడిపోయిందని. ఎంత రుద్దినా వదల్లేదని. నెత్తురనుకున్నాను నేను. నెత్తురైతే వదలదా?"

"వదులుతుంది నాయనమ్మా. వదలనిది మన రంగే."

తలుపు వెనక బాబాయి గట్టిగా ఊపిరి పీల్చాడు.

"పైకి చూశాక ఏం కనిపించింది?"

"వెలుగు కళ్ళలో పడింది. అన్నయ్య తాడు పట్టుకుని ఉన్నాడు. రెండు చేతులతో. సరే, దిగుతున్నాడనుకున్నాను. రోజూ అలాగే దిగేవాడు."

"కుంచె?"

"లేదు. రెండు చేతులూ తాడుమీదే." నాయనమ్మ తన రెండు చేతులూ పైకెత్తి, పిడికిళ్ళు బిగించి చూపించింది. వాటిని అలాగే చూస్తూ ఉండిపోయింది. "పక్కకు జరుగు అని కసిరాడు నన్ను. అన్నయ్య ఎప్పుడూ కసరడు. జరిగాను. జరిగి నిలబడ్డాక..."

కొంగ ఆవిడ పిడికిళ్ళను తన చేతుల్లోకి తీసుకుంది. చెప్పాల్సింది చెప్పేయాలి, ఇప్పుడే, తడబడకుండా.

"అంచు గీత ముగించాడు. కుంచె ముంచుకోవడానికి డబ్బా వైపు ఒరిగాడు. రోజూ ఒరిగినట్టే. పైన ఇటుక ఊడింది. ఎప్పటినుంచో వదులుగా ఉండి ఉంటుంది, తర్వాత పూడ్చింది చూశాను నేను. కొక్కెం జారింది, పలక ఒరిగింది, డబ్బా బోర్లపడి నీ నెత్తిన ఒలికింది. కుంచె వదిలేసి రెండో తాడు పట్టుకున్నాడు. అప్పటికి నువ్వింకా పిలవలేదు. పిలిచేసరికే వేలాడుతున్నాడు. కింద నువ్వున్నావని అప్పుడే తెలిసింది ఆయనకు. నువ్వు పిలవబట్టే తెలిసింది. జరగమన్నాడు. జరిగాకే చేతులు వదిలాయి."

నాయనమ్మ ఏడవలేదు. పెదాలు కదిపి, లోపల ఏదో వరస కట్టుకుంది. చినుకు, పిలుపు, చేతులు, కసురు. మళ్ళీ మొదటినుంచి. చాలాసార్లు కట్టుకుంది. ఎన్నిసార్లు కట్టినా చినుకే ముందు వచ్చినట్టుంది.

"మా అమ్మకు ఎవరు చెబుతారే?" అంది చివరికి.

కొంగ తలుపు వైపు చేయి చూపించింది. "బాబాయికి చెప్పొచ్చు. అదిగో, తలుపు వెనక దాక్కున్నాడు. తలుపే ఆయన వెనక దాక్కున్నట్టుంది."

బాబాయి కళ్ళు తుడుచుకుంటూ వచ్చి చాప మీద కూలబడ్డాడు. "అమ్మా, ఆయనది ఎడమచేతివాటమా?" అన్నాడు. అడగడానికి ఆయనకు అంతకన్నా ఏదీ దొరకలేదు.

"ఎడమచేయే! ఆ చేత్తో తింటున్నాడని మా అమ్మ గరిటెతో కొట్టేది. గరిటె లాక్కుని దానిమీద మా అమ్మ ముఖమే వేసిచ్చాడు. కోపంగా ఉన్న ముఖం. దాన్నెక్కడ దాచాలో తెలియక ఆవిడ తిప్పలు చూడాలి." నాయనమ్మ ముఖంలో నవ్వు లాంటిది ఒకటి వచ్చి కూర్చుంది. "గోడలెక్కే మనిషికి బొద్దింకంటే భయం. తెలుసా నీకు? నన్ను లేపేవాడు దాన్ని తోలమని. అక్కడినుంచి కాదులే, మొదటినుంచి చెబుతానుండు. వాడు నడక నేర్చిందే చాలా ఆలస్యంగా అట. మా అమ్మ చెప్పేది..."

కొంగ గిన్నె తనవైపు లాక్కుని మిగతా కాయలు ఒలిచింది. కోడలు వచ్చి అన్నానికి లేవమంది. ఎవరూ లేవలేదు. ఇంకోసారి వచ్చి, తనూ గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. పొద్దు వసారా దాటి వాకిట్లోకి దిగింది. నాయనమ్మ కథ అప్పటికి వాళ్ళన్నయ్య పదేళ్ళ వయసు దగ్గరే ఉంది. ఇంకా కుంచె పట్టుకోనేలేదు.